పేరుతో పలకరించే పోర్టల్: లాగిన్ వెనుక ఉన్న బాధ్యత

హైదరాబాద్ నగరానికి తూర్పున, మెట్రో రైలు మూడవ కారిడార్ చివరి స్టేషన్ అయిన నాగోల్‌లో రవాణా శాఖ వారి డ్రైవింగ్ పరీక్షా ట్రాక్ కలదు. ఈ ట్రాక్‌పై వాహనం నడిపి చూపదలచిన అభ్యర్థి ముందుగా ఆన్‌లైన్‌లో తేదీని, సమయాన్ని నిర్ణయించుకొని, ఆ స్లాటు ప్రకారం హాజరు కావలసి ఉంటుంది. అంటే అభ్యర్థి అధికారి ఎదుట నిలబడక మునుపే ఒక కంప్యూటర్ ఎదుట తన గుర్తింపును తెలియజేసుకుంటున్నాడు. ఆ గుర్తింపును ఆధారం చేసుకొని, ఎవరి పేజీని వారికి తగినట్లుగా చూపించే విధానం నేడు పౌర సేవలన్నింటికీ విస్తరిస్తున్నది. ఈ విధానం పనిచేసే తీరును, అందులోని మెళకువలను ఆన్‌లైన్ సేవలు పర్యవేక్షించే అధికారులు, వాటి గురించి రాసే పాత్రికేయులు తెలుసుకొనడం అవసరం.

2001లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఈ-సేవ కేంద్రాలు ప్రారంభమైన నాడు ఈ సమస్య దాదాపుగా లేదు. కౌంటరులోని ఉద్యోగి విద్యుత్ సర్వీసు నంబరును నమోదు చేసేవాడు, బిల్లు మొత్తం తెరపై కనిపించేది. యంత్రానికి కావలసింది మీటరు సంగతే తప్ప మనిషి సంగతి కాదు. పొరుగింటి బిల్లు కట్టినా ఎవరికీ నష్టం లేదు. 2011లో మీసేవ వచ్చి, ధ్రువపత్రాలు ఆన్‌లైన్‌లో లభించసాగిన తరువాత ‘ఎవరివి’ అన్న ప్రశ్న ముందుకు వచ్చింది. 2016లో తెలంగాణ రవాణా శాఖ లైసెన్సును, రిజిస్ట్రేషన్ పత్రాన్ని మొబైల్ ఫోనులోనే చూపగల ఎం-వాలెట్‌ను ప్రవేశపెట్టడంతో ఆ ప్రశ్న పౌరుని చేతిలోకే వచ్చి చేరింది. 2020లో టి యాప్ ఫోలియో ద్వారా కొన్ని రవాణా సేవలకు, కార్యాలయానికి రానవసరం లేకుండా, దరఖాస్తుదారుని ముఖచిత్రాన్ని రికార్డులోని ఫోటోతో పోల్చి చూసే పద్ధతి అమలులోకి వచ్చింది.

గుర్తింపు తెలిసిన పోర్టల్ చేయగల మేలు స్వల్పమైనది కాదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. అది జారీ అయిన 30 రోజుల తరువాతనే శాశ్వత లైసెన్సు పరీక్షకు అర్హత వస్తుంది. లాగిన్ అయిన వ్యక్తి ఎవరో తెలిసిన పోర్టల్, ఆ తేదీలను తానే లెక్కించి, అర్హత ఉన్న రోజుల స్లాట్లను మాత్రమే చూపగలదు. 2019 సవరణ తరువాత లైసెన్సు గడువు కూడా వయస్సును బట్టి మారుతున్నది. 30 ఏళ్ల లోపు వారికి 40 ఏళ్ల వయస్సు వరకు, 30 నిండి 50 దాటని వారికి పది సంవత్సరాలు, 55 దాటిన వారికి ఐదు సంవత్సరాలు చెల్లుబాటు ఉంటుంది. గడువు ముగిసిన ఏడాదిలోగా రెన్యువల్‌కు దరఖాస్తు చేయకపోతే మళ్లీ పరీక్షకు హాజరు కావలసిందే. ఈ నిబంధనలన్నింటినీ ఒకే పేజీలో అందరికీ ముద్రించి పెట్టడం కంటే, ‘మీ లైసెన్సు గడువు ఫలానా తేదీతో ముగుస్తున్నది’ అని ఒక్క వాక్యం చూపడం పౌరునికి ఎంతో ఉపయుక్తం. నిబంధనలు చదివి తనకు వర్తించేది ఏదో తేల్చుకొనే ఓపిక చదువుకున్నవారిలోనూ తక్కువే.

అయితే ఈ సౌకర్యమంతా ఒక చిన్న ఏర్పాటుపై ఆధారపడి ఉంది. వినియోగదారుడు పాస్‌వర్డ్‌తో గాని, ఓటీపీతో గాని లోనికి ప్రవేశించినప్పుడు సర్వర్ అతనికి ఒక రహస్య సంకేతాన్ని జారీ చేస్తుంది. తిరుమలలో సామాను భద్రపరిచిన భక్తునికి ఇచ్చే టోకెన్ వంటిది ఇది. ఆ తరువాత తెరిచే ప్రతి పేజీతో పాటు బ్రౌజర్ ఈ టోకెన్‌ను సర్వర్‌కు చూపుతుంది. సర్వర్ తన జాబితాను చూసి ఇది ఫలానా వ్యక్తిదని నిర్ధారించుకొని, అతని వివరాలను మాత్రమే పంపాలి. ఇక్కడ ‘మాత్రమే’ అన్న మాటలోనే అసలు కష్టమంతా ఉంది.

పేజీ పైన పేరు వేసి నమస్కారం పెట్టడం సులభం. ఆ పేజీలోని దరఖాస్తు ఆ వ్యక్తిదేనా అని ప్రతిసారి సరిచూడడం వేరే పని. కొన్ని వెబ్ సేవలలో దరఖాస్తు సంఖ్య బ్రౌజర్ చిరునామా పట్టీలో కనిపిస్తుంది. ఆ సంఖ్యలో చివరి అంకెను మార్చి చూసినప్పుడు వేరొకరి ఫోటో, చిరునామా, పుట్టిన తేదీ ప్రత్యక్షమైతే, లాగిన్ ఉన్నా లేనట్లే. వెబ్ భద్రతపై కృషి చేసే ఓవాస్ప్ సంస్థ 2021లో ప్రకటించిన ముఖ్య ప్రమాదాల జాబితాలో ఈ తరహా లోపాలదే ప్రథమ స్థానం. బ్రౌజర్ చెప్పిన సంఖ్యను నమ్మక, టోకెన్ ఆధారంగా సర్వర్ స్వయంగా యజమానిని నిర్ధారించుకొనడమే దీనికి విరుగుడు. వేగం కోసం పేజీలను తాత్కాలికంగా నిల్వ చేసే యంత్రాలు, ఒకరి కోసం తయారైన పేజీని మరొకరికి అందించకుండా చూడడం కూడా అంతే ముఖ్యం.

మన కుటుంబాల తీరు వల్ల వచ్చే చిక్కు మరొకటి ఉంది. తండ్రి లైసెన్సుకు, తల్లి పింఛనుకు, చెల్లెలి దరఖాస్తుకు కొడుకు ఫోను నంబరే ఇచ్చి ఉండడం సర్వసాధారణం. ఓటీపీ రుజువు చేసేది ఆ ఫోను ఎవరి చేతిలో ఉన్నదన్న విషయాన్నే గాని, అడుగుతున్నది ఎవరన్న విషయాన్ని కాదు. ఒక నంబరుపై నలుగురి రికార్డులు ఉన్నప్పుడు, ‘ఈ సేవ ఎవరి కొరకు’ అని పోర్టల్ అడిగి తీరాలి. పేరును బట్టి మనిషిని పోల్చుకొనే ప్రయత్నమూ తెలుగునాట నిలవదు. ఒక పత్రంలో ఇంటి పేరు పూర్తిగా ముందుంటుంది, మరొక దానిలో అది పొడి అక్షరమవుతుంది, ఇంకొక దానిలో చివరకు చేరుతుంది.

ఇక ఇంటర్నెట్ కేంద్రాల మాట. స్వంత కంప్యూటర్ లేని అభ్యర్థులు అక్కడివారి సహాయంతో స్లాటు తీసుకుంటారు. ఫారం పూర్తయిన వెంటనే లేచి వెళ్లిపోతారు, లాగవుట్ చేయాలన్న ఆలోచన చాలామందికి రాదు. తరువాత కూర్చున్న వ్యక్తి ముందు అదే సెషన్ తెరిచి ఉంటుంది. కొద్ది నిమిషాల పాటు కదలిక లేకపోతే సెషన్ దానంతట అదే ముగిసే ఏర్పాటు, పేజీ పైభాగాన తెలుగులో స్పష్టంగా కనిపించే నిష్క్రమణ బటన్ ఇందుకు అవసరం. ఈ బటన్‌ను మూలన చిన్న బొమ్మగా పెట్టే అలవాటును డిజైనర్లు మానుకోవాలి.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబరులో దాని నియమాలు నోటిఫై అయినవి. లైసెన్సులు, ధ్రువపత్రాలు జారీ చేసే సందర్భాలలో ప్రభుత్వానికి ఈ చట్టం కొంత వెసులుబాటు కల్పించినా, సేకరించిన సమాచారాన్ని భద్రపరిచే బాధ్యతను తొలగించలేదు. సమ్మతి కోరే సందర్భాలలో ఆ నోటీసును రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని భాషలలో, అనగా తెలుగులో సైతం, చదువుకొనే వీలు కల్పించాలని చట్టం నిర్దేశిస్తున్నది.

పోర్టల్ ప్రారంభోత్సవ వార్తలలో ఎన్ని సేవలు చేర్చారన్న అంకె ప్రముఖంగా కనిపిస్తుంది. ఒకరి వివరాలు మరొకరికి కనిపించకుండా పరీక్షించారా అన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఈ పరీక్షకు పెద్ద ఖర్చు లేదు. ఇద్దరు ఉద్యోగులు వేర్వేరు ఖాతాలతో పక్కపక్కన లాగిన్ అయి, ఒకరి దరఖాస్తు సంఖ్యను మరొకరు తెరవడానికి ప్రయత్నించాలి. ఆపై ఒకే కంప్యూటర్‌పై ఒకరి తరువాత ఒకరు కూర్చొని, వెనుకకు వెళ్లే బటన్ నొక్కి చూడాలి.

నాగోల్ ట్రాక్‌పై వాహనం కదలడానికి ముందు అభ్యర్థి ముఖాన్ని, రికార్డులోని ఫోటోను పోల్చి చూసుకొనవలసి ఉంటుంది. తెరిచి ఉంచిన వేరొకరి సెషన్‌లో పొరపాటున స్లాటు తీసుకున్న అభ్యర్థి విషయం అక్కడే బయటపడుతుంది. అప్పటికి అతడు ఆ రోజు కూలి వదులుకొని వచ్చి ఉంటాడు, మరొక తేదీ కోసం మళ్లీ అదే పోర్టల్‌ను ఆశ్రయించవలసి వస్తుంది.