పాలపళ్ళ గిత్తల ఎంపిక

పాలపళ్ళ గిత్తల ఎంపిక అంటే ఇంకా శాశ్వత దంతాలు మొలవని ఒంగోలు జాతి కోడెదూడలను పరిశీలించి, అవి పెరిగిన తరువాత బండలాగుడు పోటీలలో రాణించగలవో లేదో ముందుగా అంచనా వేయటం. కోస్తా ఆంధ్రలో, ముఖ్యంగా నెల్లూరు, ప్రకాశం, బాపట్ల, గుంటూరు మరియు పల్నాడు జిల్లాలలో ఈ విద్య రైతు కుటుంబాలలో తరతరాలుగా వస్తున్నది. సంక్రాంతితో మొదలుకొని మహాశివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి తిరునాళ్ళ వరకు ఈ పోటీలు ఎక్కువగా జరుగుతాయి. పోటీకి దించదలచిన పశువును అంతకు ఎంతో ముందుగానే, దాని బలం ఇంకా బయటపడని వయసులోనే ఎన్నుకొనవలసి ఉంటుంది. కష్టమంతా ఇక్కడే ఉన్నది.

పరుగుపందెపు గుర్రాలను పెంచేవారికి కూడా ఇదే చిక్కు. ఇంగ్లాండులోని న్యూమార్కెట్‌లో 1809లో ప్రారంభమైన 2000 గినీస్ అనే వసంతకాలపు పందెం మూడేళ్ళ గుర్రాలకే పరిమితం. అందువలన రెండేళ్ళ పిల్లను చూసి రానున్న ఏడాది అది ఏమి కాగలదో ఊహించటం అక్కడ ఒక వృత్తిగా స్థిరపడినది. అయితే గుర్రానికి 1791లో వెలువడటం మొదలైన జనరల్ స్టడ్ బుక్ వంటి వంశావళి గ్రంథాల తోడు ఉన్నది. పల్లెటూరి రైతుకు మాత్రం తన కన్ను, తన చెయ్యి, తల్లి ఆవును గూర్చిన జ్ఞాపకం, ఇవే ఆధారం.

పేరు, ప్రాంతం

ఒంగోలు జాతికే నెల్లూరు జాతి అని మరొక పేరు. ఒంగోలు తాలూకా 1904 వరకు నెల్లూరు జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం గుంటూరు జిల్లా ఏర్పడినపుడు అందులో కలిసినది. 1970లో ఏర్పడిన ప్రకాశం జిల్లాకు ఒంగోలు కేంద్రమయినది, నెల్లూరు జిల్లా నుండి కందుకూరు ప్రాంతం కూడా ఆ కొత్త జిల్లాకు వెళ్ళినది. 2022 పునర్వ్యవస్థీకరణలో కందుకూరు తిరిగి నెల్లూరు జిల్లాలో చేరినది. పంతొమ్మిదవ శతాబ్దంలో ఓడలకెక్కిన పశువులు "నెల్లూరు" పేరుతోనే విదేశాలకు చేరటానికి కారణం ఈ పాలనా చరిత్రే. పేరు ఏది కావాలన్న తగవు మనుషులది, పశువు మాత్రం ఒకటే.

ఈ ప్రాంతపు నల్లరేగడి భూములలో పండే జొన్నచొప్ప, వరిగ గడ్డి, పిల్లిపెసర పశువులకు మంచి మేత. నెల్లూరు జిల్లా కొండాపురం మండలంలోని చింతలదేవిలో ప్రభుత్వ పశుక్షేత్రం ఉన్నది. దేశవాళీ జాతుల పరిరక్షణకు దేశంలో నెలకొల్పిన రెండు జాతీయ కామధేను ప్రజనన కేంద్రాలలో ఒకటి ఇక్కడిదే, రెండవది మధ్యప్రదేశ్‌లోని ఇటార్సీలో ఉన్నది.

ఈ జాతి ఇంతగా నిలదొక్కుకొనటానికి పూర్వపు ఆబోతుల పద్ధతి ఒక ముఖ్యకారణం. చనిపోయిన పెద్దల పేరున మంచి కోడెదూడను ఎంచి, అచ్చు వేసి, ఊరిమీదికి వదిలిపెట్టేవారు. దానిని ఎవరూ కట్టివేయరు, ఎవరి చేలో మేసినా కొట్టరు. "అచ్చోసిన ఆంబోతు" అన్న నానుడి నేడు నిందగా వినిపిస్తున్నది గాని, ఒకప్పుడు అది ఊరంతా కలిసి చేసిన ఎంపికకు గుర్తు. లోపమున్న దూడను దేవుడి పేరున వదలటం తప్పుగా భావించేవారు కనుక, ఊళ్ళోని ఆవులకు మేలైన ఆబోతే దొరికేది.

పళ్ళతో వయసు

పశువులకు పై దవడ ముందుభాగంలో పళ్ళు ఉండవు. అక్కడ గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. కింది దవడలో ముందువైపున ఎనిమిది పళ్ళు ఉంటాయి. మొదట వచ్చే పాలపళ్ళు చిన్నవిగా, మొదట్లో సన్నగా ఉంటాయి. తరువాత మధ్య జత ఊడి, దాని స్థానంలో వెడల్పయిన శాశ్వత దంతాలు వస్తాయి. దేశవాళీ పశువులలో ఇది సుమారు రెండు, రెండున్నర ఏళ్ళకు జరుగుతుంది. రెండవ జత మూడేళ్ళ ప్రాంతంలో, మూడవ జత మూడున్నర నుండి నాలుగేళ్ళకు, చివరి జత నాలుగున్నర దాటిన తరువాత వస్తాయి. పోటీలలో పాలపళ్ళు, రెండుపళ్ళు, నాలుగుపళ్ళు, ఆరుపళ్ళు అనే విభాగాలు, వాటిపైన జూనియర్స్, సీనియర్స్ వంటి విభాగాలు ఏర్పడినది ఈ లెక్కన బట్టే. పుట్టినతేదీ కాగితం లేని పశువుకు నోరే ధ్రువపత్రం.

ఈ ధ్రువపత్రం అంత కచ్చితమైనది కాదు. ఒకే నెలలో పుట్టిన రెండు దూడలకు పళ్ళు కొన్ని నెలల తేడాతో రావచ్చు. పళ్ళు ఆలస్యంగా మార్చే గిత్త తనకంటె చిన్నవాటితో పోటీపడుతుంది, కనుక దానికి సహజంగానే మొగ్గు ఉంటుంది. గుర్రాలలో ఇటువంటి అన్యాయం వేరొక రూపంలో ఉన్నది. ఉత్తరార్ధగోళంలో పందెపు గుర్రాలన్నిటికీ జనవరి 1వ తేదీన ఒకేసారి ఒక ఏడు వయసు పెరిగినట్లు లెక్కిస్తారు. అందువలన జనవరిలో పుట్టిన పిల్ల మే నెలలో పుట్టిన పిల్లతో సమాన వయసు గలదిగానే పరుగెత్తుతుంది. పందెంలో గెలిచిన చిన్న పశువును చూసి మురిసిపోయే ముందు, అది నిజంగా బలమైనదా లేక నాలుగు నెలలు పెద్దదా అని విచారించుకొనటం మంచిది.

శరీర పరిశీలన

అనుభవజ్ఞులు దూడను మొదట ముట్టుకోరు. దూరంగా నిలబడి నడిపించి చూస్తారు. ముందుకాలు మోపిన గుర్తు మీద లేదా దానికి దగ్గరగా వెనుక కాలు పడాలి. నడుము అటూ ఇటూ ఊగరాదు. వెనుక నుండి చూసినపుడు మడమలు ఒకదానికొకటి తగులుతున్నట్లు లోపలికి వంగిన దూడను చాలామంది అక్కడికక్కడే కాదంటారు. మేత పెట్టి లోపాలు కొన్ని సరిదిద్దవచ్చును గాని, కాలి వంకర సరికాదు.

తరువాత గిట్టలు. ఈ జాతికి నల్లని, గట్టి గిట్టలు ఉండాలి. రెండు చీలికలు సమానంగా, దగ్గరగా ఉండాలి. బండ లాగే పశువు నేలను గిట్టల అంచులతో పట్టుకొంటుంది. చీలిక విడిపోయిన గిట్ట ఎంత బలమున్నా జారిపోతుంది.

ఛాతీ వెడల్పు, ముందుకాళ్ళ మధ్య ఎడం, పక్కటెముకల గుండ్రదనం ఊపిరితిత్తులకు దొరికే చోటును తెలుపుతాయి. వీపు పొడవుగా ఉండటం ఒంగోలు జాతి లక్షణమే, అయితే పొడవైన వీపు మధ్యలో కుంగి ఉండరాదు. నుదురు వెడల్పుగా, కళ్ళ చుట్టూ నల్లని వలయం, ముట్టె నలుపు, తోక కుచ్చు నలుపు, పొట్టిగా మొద్దుగా ఉండే కొమ్ములు, మడతలు పడి వేలాడే గంగడోలు, ఇవి జాతి గుర్తులు. వీటికి లాగే శక్తితో నేరుగా సంబంధం లేదు. సంతలో ధర మాత్రం వీటిమీదనే ఎక్కువగా ఆధారపడుతుంది. జాతి అందాన్నీ, పనితనాన్నీ ఒకే చూపులో కలిపివేయటం ఈ ఎంపికలో తరచుగా జరిగే పొరపాటు.

మెడ, మూపురం ఇంకొక సంగతి. మన కాడి మూపురానికి ముందు, మెడమీద ఆనుతుంది, బరువంతా అక్కడినుండే లాగబడుతుంది. పాలపళ్ళ వయసులో మూపురం ఇంకా పూర్తిగా ఎదగదు. మగ పశువులలో తల, మెడ, మూపురం మీద వచ్చే ముదురు బూడిద ఛాయ కూడా యుక్తవయసు తరువాతనే చిక్కబడుతుంది. కనుక దూడలో మూపురం పరిమాణాన్ని కాక, మెడ భుజంతో కలిసే చోట వెడల్పును చేత్తో తడిమి చూడాలి.

పందెపు దూడను పెంచేవారు తల్లి పాలన్నీ దానికే వదులుతారు. ఆ దూడ నున్నగా, నిండుగా కనిపిస్తుంది. పేద ఇంట పుట్టిన దూడకు పాలలో వాటా తక్కువ, ఎముకలు తేలి ఉంటుంది. మొదటి దానిలో కనబడేది కొవ్వు కావచ్చు, రెండవ దానిలో కనబడేది చట్రం కావచ్చు. మంచి పరీక్షకుడు మోకాలి కింద ఎముక మందాన్ని చూస్తాడు. ఎందుకంటే ఆ చోట కొవ్వు చేరి కంటిని మోసగించలేదు.

బండ కదిలే తీరు

పోటీలో ఎడ్ల జత నిర్ణీత కాలంలో బండను ఎన్ని అడుగులు లాగినదో కొలుస్తారు. బాట చివరకు చేరిన తరువాత మళ్ళించి తిరిగి లాగించాలి. నిలిచి ఉన్న వస్తువును కదిలించటానికి ఎదుర్కొనవలసిన స్థైతిక ఘర్షణ, కదులుతున్నపుడు ఉండే జారుడు ఘర్షణ కంటె ఎక్కువ అని విద్యార్థులు భౌతికశాస్త్రంలో చదువుకొంటారు. అందువలన ప్రతిసారి బండ ఆగినపుడు జత మళ్ళీ పెద్ద బలం పెట్టవలసి వస్తుంది. ఒక్క ఊపున కదిలించే పశువు వేరు, ఆగకుండా సాగే పశువు వేరు. నిలకడగా ఎక్కువసేపు పనిచేసే ఎద్దు తన శరీరబరువులో సుమారు పదోవంతు లేదా కొంచెం పైగా బలంతో లాగగలదు. కొద్ది క్షణాలపాటు దానికి ఎన్నో రెట్లు లాగగలదు. పోటీ ఈ రెండింటినీ కోరుతుంది. దూడను చూసి మొదటిదానిని కొంత ఊహించవచ్చు. రెండవదానిని, అంటే ఓపికను, చూపుతో పట్టుకొనటం దాదాపు అసాధ్యం.

సుళ్ళు

వెంట్రుకల సుళ్ళు ఉన్న చోటును బట్టి శుభాశుభాలు చెప్పే ఆచారం ఇప్పటికీ ఉన్నది. సుడి బాగాలేదన్న మాటతో చక్కని దూడ ధర పడిపోవటం కద్దు. సుడి యజమాని అదృష్టాన్ని మారుస్తుందనటానికి ఆధారం లేదు. అయితే 1995లో అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ మరియు సహచరులు ప్రచురించిన పరిశీలనలో, నుదుటి సుడి కళ్ళకంటె పైన ఉన్న పశువులు బంధించినపుడు ఎక్కువగా బెదురుతున్నట్లు తేలినది. నుదుటి సుడిని చూసి పశువు స్వభావాన్ని చెప్పిన పెద్దల మాటలను పూర్తిగా కొట్టివేయనక్కరలేదు.

జత కూర్చటం

ఒంటి గిత్త ఎంత గొప్పదైనా పోటీకి చాలదు. కాడికి ఎడమవైపున కట్టేది దాపటి ఎద్దు, కుడివైపున కట్టేది వలపటి ఎద్దు. ఎత్తు, అడుగు నిడివి, కదిలే వేగం రెండింటికీ కలవాలి. ఒకటి ముందుగా లాగి మరొకటి వెనుకబడితే కాడి వంకరపోయి బలం వృథా అవుతుంది. ఒకే వయసులో కొన్న రెండు దూడలు వేర్వేరు వేగాలతో ఎదిగి, నాలుగుపళ్ళకు వచ్చేసరికి జత కుదరకపోవటం సాధారణం. అలవాటైన పక్క మార్చితే కొన్ని పశువులు పనిచేయవు. అందుచేత తెలివైన రైతు దూడను కొనేటప్పుడు, ఇంట్లో ఉన్నదాని పక్కన నడిపించి చూస్తాడు.

మేపు, సాధన

ఉడికించిన ఉలవలు, తవుడు, పత్తిగింజలు, తెలకపిండి, పచ్చిమేత ఇస్తారు. ముకుతాడు వేసిన తరువాత ఉత్తకాడి, ఆ పిమ్మట దుంగ, చివరకు చిన్న బండ, ఈ వరుసలో అలవాటు చేస్తారు. ఇసుకలో నడిపించటం, ఈత కొట్టించటం కూడా ఉన్నవి. పశువుల కాళ్ళ ఎముకలలో పెరుగుదల సుమారు నాలుగేళ్ళ వరకు సాగుతుంది. పాలపళ్ళ విభాగంలో బహుమతి కోసం మితిమించి లాగించిన దూడ కీళ్ళు దెబ్బతిని, అసలు బలం రావలసిన వయసుకు కుంటిది కావచ్చు. చిన్ననాటి బహుమతి పశువు భవిష్యత్తుకు హామీ కాదు, కొన్నిసార్లు దానినే హరిస్తుంది.

బ్రెజిల్ చూపు

ఇదే జాతిని బ్రెజిల్ వేరే కంటితో చూసినది. 1878లో మనోయెల్ లెంగ్రూబర్ జర్మనీలోని హాంబర్గ్ జంతుశాలనుండి ఒక జతను కొని తెప్పించాడు. 1960 దశకంలో వెళ్ళిన ఆబోతులలో ఒంగోలు సమీపంలోని కరవది గ్రామం పేరు మీదనే "కర్వాడి" అని పిలిచినది అక్కడి మందలకు మూలపురుషులలో ఒకటి. నేడు అక్కడి మాంసపు పశువులలో అత్యధిక భాగం "నెలోరె" రక్తమే. అక్కడ పోటీ బండతో కాదు, తూనికతో. పాలు మానే వయసులో బరువు, ఏడాదికి బరువు, ఒక్కొక్క ఆబోతు సంతానం సగటు, అన్నీ నమోదవుతాయి. ఉబెరాబాలోని జెబూ పెంపకందారుల సంఘం ఈ లెక్కలు నిర్వహిస్తుంది. 2023లో వియాటినా-19 అనే నెలోరె ఆవులో మూడోవంతు వాటా అమ్మకాన్ని బట్టి, దాని మొత్తం విలువ సుమారు 43 లక్షల డాలర్లుగా తేలినది.

సంతానాన్ని తూచి తండ్రిని నిర్ణయించే ఆ పద్ధతి, తండ్రిని చూసి సంతానాన్ని ఊహించే మన పద్ధతికి తలకిందులు. అయితే వారు తూచేది మాంసాన్ని. లాగే శక్తికి అటువంటి నమోదు మన దగ్గర జరిగి ఉంటే, పోటీల ఫలితాలే ఎంతో విలువైన సమాచారం అయ్యేవి. ఏ ఆవు దూడ ఎన్ని అడుగులు లాగినదన్న సంగతి ఎక్కువగా మనుషుల నోట నిలిచి, వారితోపాటే పోతున్నది.

ఎంపికలో నిలవనివి

ట్రాక్టరు రాకముందు పందేనికి పనికిరాని కోడెకు అరక, బండి ఉండేవి. అంచనా తప్పినా పశువు ఇంట్లోనే ఉండేది. ఇప్పుడు పోటీకి పనికిరాదని తేల్చిన మగదూడను మేపటానికి రైతుకు కారణం మిగలలేదు, అది నేరుగా సంతకు పోతుంది. అందువలన పాలపళ్ళ వయసులో వేసే అంచనా బరువు మునుపటికంటె పెరిగినది. ఆలస్యంగా ఎదిగే స్వభావం గల దూడలు ముందే తొలగిపోయి, త్వరగా నిండేవే మిగిలితే జాతి స్వభావం కూడా ఆ దిక్కుకే జరగవచ్చు.

చట్టం విషయానికి వస్తే, 2011 జూలైలో కేంద్రప్రభుత్వం ప్రదర్శనలకు శిక్షణ ఇవ్వరాని జంతువుల జాబితాలో ఎద్దును చేర్చినది. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను నిషేధించినది. తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తెచ్చుకొన్న సవరణ చట్టాలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించినది. జంతుహింస నివారణ చట్టం (1960) 11వ సెక్షన్ ప్రకారం పశువును కొట్టటం, మోయలేని భారం వేయటమే కాక, వయసు రీత్యా పనికి తగని పశువుచేత పని చేయించటం కూడా నేరమే.