పండుగలే టైమ్ టేబుల్.. ఇల్లే స్కూల్.. అమెరికాలో 12వ తరగతి ఇలా కూడా చదువుతారు!

అమెరికాలో పిల్లల్ని స్కూలుకు పంపకుండా ఇంట్లోనే చదివించుకోవచ్చు. మొత్తం 50 రాష్ట్రాల్లోనూ హోమ్‌స్కూలింగ్ చట్టబద్ధమే. ఇలా చదివించే వాళ్లలో పేగన్ కుటుంబాలూ ఉన్నాయి. క్రైస్తవానికి ముందు యూరప్‌లో ఉన్న ప్రకృతి ఆరాధనను స్ఫూర్తిగా తీసుకున్నవాళ్లే పేగన్లు. వీళ్లలో కొందరు హైస్కూల్ ఆఖరి ఏడాదిని తమ పండుగల చుట్టూ ప్లాన్ చేసుకుంటారు. మరి అదే ఏడాది కాలేజీ అడ్మిషన్ల హడావుడి కూడా ఉంటుంది కదా? రెండూ ఎలా కుదురుతాయో చూద్దాం.

ఏడాదికి 8 పండుగలు

పేగన్ల పండుగల క్యాలెండర్‌ను 'సంవత్సర చక్రం' అంటారు. ఇది ఇప్పటి రూపంలోకి వచ్చింది 1950ల్లో, బ్రిటన్‌లో. సూర్యుడి గమనాన్ని బట్టి వచ్చేవి నాలుగు. డిసెంబర్ 21 ప్రాంతంలో యూల్, మార్చి 20 ప్రాంతంలో ఓస్టారా, జూన్ 21 ప్రాంతంలో లీథా, సెప్టెంబర్ 22 ప్రాంతంలో మేబన్. వీటి మధ్యలో మరో నాలుగు. ఆగస్టు 1న లూనాసా, అక్టోబర్ 31న సావిన్, ఫిబ్రవరి 1న ఇంబాల్క్, మే 1న బెల్టేన్. మన సంక్రాంతికి ఉత్తరాయణం ఎలాగో, యూల్‌కు పగలు మళ్లీ పెరగడం అలాగన్నమాట.

7 టర్మ్‌లుగా చదువు

ఒక పండుగకీ మరో పండుగకీ మధ్య ఆరేడు వారాల గ్యాప్ ఉంటుంది. అదే ఒక టర్మ్. లూనాసాతో మొదలుపెట్టి లీథాతో ముగిస్తే ఏడాదికి 7 టర్మ్‌లు వస్తాయి. పండుగకు తగ్గ పాఠం పెట్టుకోవచ్చు. పూర్వీకులను తలుచుకునే సావిన్‌కు కుటుంబ చరిత్ర, యూల్‌కు భూమి 23.5 డిగ్రీల వంపు, వసంతంలో వచ్చే ఓస్టారాకు విత్తనాల మీద బయాలజీ ప్రాజెక్టు.

అసలు చిక్కు ఇక్కడే

కాలేజీల డెడ్‌లైన్లు పండుగల కోసం ఆగవు. చాలా కాలేజీలకు ముందస్తు దరఖాస్తుల గడువు నవంబర్ 1. అంటే సావిన్ మర్నాడే! కాబట్టి అప్లికేషన్ వ్యాసం మేబన్ నాటికే రాసేసుకోవాలి. మామూలు దరఖాస్తులకు చాలాచోట్ల జనవరి 1 ప్రాంతంలో గడువు ముగుస్తుంది. యూల్ సెలవుల్లో చూసుకుందాంలే అనుకుంటే కష్టమే.

మార్కుల పత్రం ఎవరిస్తారు?

చాలావరకు తల్లిదండ్రులే తయారు చేయాలి. అందులో పండుగ పేరు రాస్తే అడ్మిషన్ ఆఫీసుకు అర్థం కాదు. ఓస్టారా ప్రాజెక్టును బయాలజీ కిందే చూపించాలి. గ్రేడ్, క్రెడిట్లు కూడా వేయాలి. ఏ టర్మ్‌లో ఏం చదివారో ఎప్పటికప్పుడు రాసి పెట్టుకుంటే చివర్లో తంటా ఉండదు.

రాష్ట్రాన్ని బట్టి రూల్స్ కూడా మారతాయి. టెక్సస్‌లో హోమ్‌స్కూలింగ్ మొదలుపెట్టేటప్పుడు ప్రభుత్వానికి చెప్పక్కర్లేదు. న్యూయార్క్‌లో మాత్రం ఏడాది ప్లాన్‌తో పాటు ప్రతి మూడు నెలలకూ రిపోర్టు ఇవ్వాలి. పెన్సిల్వేనియాలో హైస్కూల్ స్థాయికి ఏడాదికి 180 రోజులు లేదా 990 గంటల చదువు చూపించాలి.

అందుకే ముందు క్యాలెండర్‌లో డెడ్‌లైన్లు రాసుకుని, ఆ తర్వాత పండుగలు, పాఠాలు సర్దుకోవడం మేలు. అలా చేస్తే మే 1న బెల్టేన్‌ను నిశ్చింతగా జరుపుకోవచ్చు. ఏ కాలేజీలో చేరతారో చాలా కాలేజీలకు చెప్పేయాల్సిన ఆఖరి రోజు కూడా అదే మరి!