భూమి అడిగిన రోజు... కాగితమే దిక్కు!

గరుడసేవ రాత్రి తిరుమల మాడవీధుల్లో లక్షల మంది కూర్చుని స్వామిని చూస్తారు. ఆ వీధుల్లో ఒకప్పుడు ఇళ్ళుండేవి. వాహనం తమ వాకిటి ముందుకే వస్తే హారతి పట్టిన కుటుంబాలు అక్కడ కాపురముండేవి. భక్తుల రద్దీ పెరిగింది, వీధులు వెడల్పు చేయాల్సి వచ్చింది. ఇళ్ళు, మఠాలు, దుకాణాలు పోయాయి. గుడి ఎదుటి వేయికాళ్ళ మండపాన్నీ 2003లో తొలగించారు. స్థానికుల్లో కొందరు కొండమీదే బాలాజీనగర్‌కు మారితే, మరికొందరు కొండ దిగి తిరుపతి చేరారు.

కొండమీద గుడి వీధులు. కింద రోడ్లు, విమానాశ్రయం, ఫ్యాక్టరీలు. అవసరం ఏదైనా జనం అడిగేది ఒక్కటే. పట్టా మన పేరున ఉండగా ప్రభుత్వం ఎలా తీసుకుంటుంది? తీసుకుంటే ఎంతిస్తుంది?

హక్కు తగ్గింది... పోలేదు!

రాజ్యాంగం వచ్చినప్పుడు ఆస్తి ప్రాథమిక హక్కు. 1978లో 44వ సవరణ దాన్ని ఆ జాబితాలోంచి తీసేసి, 300-ఎ అధికరణలో పెట్టింది. చట్టప్రకారం తప్ప ఎవరి ఆస్తినీ తీసుకోకూడదని దాని సారాంశం. తెల్లదొరల కాలంనాటి 1894 చట్టం 2013 దాకా నడిచింది. 'ప్రజా ప్రయోజనం' అని సర్కారు ప్రకటిస్తే ఎదురు చెప్పడం కష్టమయ్యేది. మార్కెట్ ధర మీద 30 శాతం సొలేషియం కలిపి ఇచ్చేవారు.

2014 జనవరి 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. పల్లెల్లో పరిహారం మార్కెట్ ధరకు గరిష్ఠంగా నాలుగు రెట్ల దాకా ఉండొచ్చు. ప్రైవేటు కంపెనీ కోసం సేకరిస్తే 80 శాతం కుటుంబాలు ఒప్పుకోవాలి.

అసలు కిటుకు ఇక్కడే!

మరి ఆ మార్కెట్ ధర ఎక్కణ్ణుంచి వస్తుంది? ఊహించండి... మనం రాయించుకున్న దస్తావేజుల్లోంచే! ప్రభుత్వ విలువతో పాటు, గత మూడేళ్ళలో చుట్టుపక్కల జరిగిన రిజిస్ట్రేషన్లలో ఎక్కువ ధర ఉన్న సగం తీసి, వాటి సగటూ చూస్తారు. ఎకరా 20 లక్షలకు కొని, స్టాంపు డ్యూటీ తగ్గుతుందని 6 లక్షలకే రాయించుకున్నామనుకుందాం. ఊరంతా అలాగే చేస్తే, నాలుగు రెట్లు ఇచ్చినా 24 లక్షలే. నిజం రాసి ఉంటే 80 లక్షలు!

డి.కె.టి. భూమి సంగతి?

చిత్తూరు పల్లెల్లో చాలామంది పేదల చేతిలో ఉన్నవి డి.కె.టి. పట్టాలు. దరఖాస్తు పెట్టుకుంటే సర్కారు ఇచ్చిన భూములివి. 'మేమిచ్చిందే, మేం తీసుకుంటాం' అంటూ ఏదో ఎక్స్‌గ్రేషియా ఇచ్చి పంపే కాలం ఒకటుండేది. చేవెళ్ళ భూసేకరణ కేసులో 2004లో ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం దీనికి అడ్డుకట్ట వేసింది. షరతులు ఉల్లంఘించని పట్టాదారుకు సొంతదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలంది. 2013 చట్టం కూడా అసైన్డ్ భూమికి హక్కుదారైన వ్యక్తిని భూయజమానిగానే లెక్కించింది.

తీసుకున్నాక...

శ్రీకాళహస్తి దగ్గర మన్నవరంలో 2010 సెప్టెంబరు 1న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఎన్.టి.పి.సి.-భెల్ విద్యుత్ పరికరాల ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. వేల ఉద్యోగాలొస్తాయనుకున్నారు. అనుకున్నంత పరిశ్రమ రాలేదు. నేల ఇవ్వడం ఒక్క సంతకంతో అయిపోతుంది. దాని బదులు వస్తుందన్న బతుకే ఏళ్ళు గడిచినా రాదు. అందుకే కొత్త చట్టం కింద సేకరించిన భూమిని అయిదేళ్ళు వాడకపోతే యజమానికి తిరిగివ్వాలి, లేదా ప్రభుత్వ భూనిధికి చేర్చాలి. ఆ 'లేదా' దగ్గరే రైతుకు చిక్కు!

నోటీసు వస్తే...

ముందే ఇచ్చిన నోటీసు, అభ్యంతరం వినడం, కారణాలతో నిర్ణయం, న్యాయమైన పరిహారం... ఇవన్నీ 300-ఎ లో భాగమేనని 2024 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి కంగారు వద్దు. ప్రాథమిక ప్రకటన వచ్చిన 60 రోజుల్లోగా కలెక్టరుకు రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వండి. చెట్లు, బావి, బోరు, ఇల్లు అన్నీ లెక్కలోకి వచ్చాయా చూసుకోండి. డబ్బు తీసుకునేటప్పుడు 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాస్తే ఎక్కువ కోరే హక్కు మిగులుతుంది.

తాత పేరు మీదే ఉండిపోయిన పాసుపుస్తకం, పంపకాలు రాసుకోని అన్నదమ్ములు, తగ్గించి రాయించిన దస్తావేజు... ఇవి ఇంట్లో ఉన్నంతకాలం చిన్న విషయాలే. కొలతల వాళ్ళు గొలుసు పట్టుకుని పొలంలో దిగిన రోజు మాత్రం అవే పెద్ద విషయాలు!