అంపశయ్యపై తలగడ

డోను పట్టణమునకు పూర్వులు పెట్టుకొన్న పేరు ద్రోణాచలము. ఆంజనేయుడు పెకలించి తెచ్చిన సంజీవని పర్వతమునకును మనవారు ద్రోణాద్రి యనియే పేరు చెప్పుదురు. పేళ్ల కలయిక యాదృచ్ఛికమే కావచ్చును గాని, కర్నూలు మీదుగా హైదరాబాదునకును, గుంతకల్లు వైపుగా బెంగుళూరునకును రైళ్లు చీలిపోవు ఈ జంక్షనులో, స్కానింగు ఫిల్ములున్న పెద్ద కవరును చంకన బెట్టుకొని, రోగిని నడుమ కూర్చుండబెట్టుకొని బండికై ఎదురుచూచు కుటుంబములను చూచినప్పుడెల్ల నాకా పర్వతమే జ్ఞప్తికి వచ్చును. వీరును సంజీవనికై పోవువారే. అందు పెక్కురకు అది దొరకును కూడ. ఒకప్పుడు ప్రాణాంతకములైన వ్యాధులెన్నియో నేడు నయమగుచున్నవి. ఆ ప్రయాణములను గూర్చి నేను చెప్పదలచుకొనలేదు. నాలుగవమారో అయిదవమారో పోవుచున్నప్పుడు, వైద్యుడు మాటలు తగ్గించి, కాగితములపైననే చూపు నిలిపి ‘చూద్దాం’ అని మాత్రము అనుచున్నప్పుడు, ఇంటివారు వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు. నా విన్నపము దానిని గూర్చియే.

మా వీధిలో ఒక పెద్దాయన యుండెను. నాపరాతి గనులలో ముప్పదియేండ్లు రాయి కొట్టి బ్రతికినవాడు. ఊపిరితిత్తులలో పుట్టిన కేన్సరు వెన్నెముకకు ప్రాకినది. కీమోథెరపీ రెండు వరుసలు ముగిసినవి. మూడవదానికై కుమారులు ఎకరా పొలము అమ్మజూపుచుండిరి. పడుకొన్నచో నడుమున కత్తులు దిగినట్లుండుటచే ఆయన గోడకానుకొని కూర్చుండియే తెల్లవార్చెడివాడు. ఒకనాటి సాయంకాలము నేను ప్రక్కనుండగనే, “నన్ను ఇంగ యాడికీ తోల్కపోవద్దు నాయనా. ఈ నొప్పి ఒగటి తగ్గిస్తే సాలు” అనెను. పెద్దకుమారుడు మారుమాటాడక వెలుపలికి వచ్చి, అరుగుపై కూర్చుండి, “అట్ల ఇడిసిపెడ్తే నలుగురూ ఏమనుకుంటారు సార్?” అని నన్నడిగెను.

విడిచిపెట్టుట యనెడి యీ మాటయే ముందుగా విప్పవలసిన ముడి. రోగము కుదరకున్నను రోగిబాధ కుదర్చవచ్చుననునది నిన్నమొన్నటి ఊహ గాదు. మన ఆయుర్వేదము సాధ్యాసాధ్య వ్యాధుల నడుమ యాప్యమను నొక తరగతిని చెప్పి, పడబోవు ఇంటికి గుంజ ఆనించి నిలిపినట్లు అట్టి రోగిని చికిత్సతో నిలుపవలెనని సుశ్రుతుని నోట పలికించినది. నేడు పాలియేటివ్ కేర్ అనబడు సాంత్వన చికిత్సకు ఆ పేరు, లాటిన్ భాషలో పై వస్త్రమని యర్థమిచ్చు పదమునుండి వచ్చినది. మన సీమలో నయినచో గొంగడి యని యుందురు. నర్సుగను, సాంఘిక సేవికగను పనిచేసి, పిదప వైద్యవిద్య నభ్యసించిన సిసిలీ సాండర్స్ అను మహనీయురాలు 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పీస్ స్థాపించి, మరణాసన్నుని బాధ దేహమునకు మాత్రమే చెందినది కాదనియు, అప్పుల చింత, బిడ్డలపై బెంగ, దైవముపై అలుక అన్నియు అందు కలిసియుండుననియు చాటినది. మన దేశమున అట్టిదే 1986లో ముంబయిలో శాంతి ఆవేదన సదనము వెలసినది. 1993లో కోళిక్కోడు వైద్యకళాశాలలో డాక్టర్ రాజగోపాల్ ప్రభృతులు ఆరంభించిన పని, ఊరూర సామాన్యులే స్వచ్ఛందసేవకులై రోగి ఇంటికే పోయి చూచుకొను ఉద్యమమై కేరళమంతట వ్యాపించినది. మన బండి పోవు రెండు కొసలను ఈ సేవ కలదు: హైదరాబాదులో ఎం.ఎన్.జె. కేన్సరు ఆస్పత్రి సాంత్వన విభాగమును, స్పర్శ్ హాస్పీసును; బెంగుళూరులో కరుణాశ్రయ.

సాంత్వన చికిత్సయు హాస్పీసును ఒకటే యనుకొనుట వలన పెక్కు కుటుంబములు రెంటికిని దూరమగుచున్నవి. మొదటిది రోగము బయటపడిన నాటినుండియే, కీమోథెరపీతోపాటు, డయాలసిస్‌తోపాటు, జంటగా నడువదగినది. అమెరికాలో బోస్టను నగరమున ముదిరిన ఊపిరితిత్తుల కేన్సరు రోగులను 151 మందిని రెండు వర్గములు చేసి చూడగా, ఆరంభమునుండియే సాంత్వన చికిత్సయు పొందినవారు తక్కిన వారికంటె సుఖముగ నుండుటయే గాక, చివరి దినములలో తీవ్రచికిత్సలు తక్కువగా పొందియు, సుమారు మూడు నెలలు ఎక్కువ జీవించిరని 2010లో ప్రకటితమయినది. హాస్పీస్ మాత్రము, రోగమును తరుము ప్రయత్నము మానుకొని, మిగిలిన దినములను రోగికొరకే వెచ్చించు ఘట్టము. అమెరికా ప్రభుత్వ బీమా దీనికి, ఆయువు ఆరునెలలకు మించదని ఇద్దరు వైద్యుల అంచనాను కోరును.

ఆ ఘట్టము వచ్చినదని తెలియుట యెట్లు? ‘ఈ రోగి ఏడాదిలోపల కన్నుమూసినచో నాకు ఆశ్చర్యము కలుగునా?’ అని వైద్యుడు తన్ను తానే ప్రశ్నించుకొనుట పాశ్చాత్య వైద్యములో నొక వాడుక. కలుగదని మనసు పలికినచో కుటుంబముతో మాటాడవలసిన వేళయైనదన్నమాట. ఇంటివారి కంటికిని కొన్ని గురుతులు కానవచ్చును. మెలకువగా నున్న పొద్దులో సగమునకు పైగా మంచముననే గడచుచుండును. ఆరునెలలలో బరువు పదవవంతు తరుగును. ఆస్పత్రినుండి వచ్చి నెల తిరుగకమునుపే మరల చేర్పింపవలసి వచ్చును. ఇది కేన్సరుకే పరిమితమని యెంచరాదు. కూర్చున్నచోటనే ఆయాసపడు గుండెజబ్బువారును, రాతిదుమ్ము పట్టి ఊపిరితిత్తులు గట్టిపడి ఆక్సిజన్ లేనిదే పూట గడవని మన గనిపనివారును, మాట పడిపోయి మింగుటయు మరచిన మతిమరుపు రోగులును, డయాలసిస్ నుండి వచ్చిన దినమంతయు తలయెత్తలేని ముదుసలులును ఇందు చేరినవారే. ఐతే ఒక్క గురుతును చూచి తొందరపడరాదు. రక్తహీనతయు, జ్వరమును, ఒకానొక మందు పడకుండుటయు ఇట్టి నీరసమునే తెచ్చును, అవి కుదుర్పదగినవి.

ఇన్ని గురుతులు కూడినను తీర్పు చెప్పవలసినవాడు మంచముపైనున్నవాడే. భీష్మపర్వమున అంపశయ్యపై నొరగిన పితామహుని చికిత్సకై దుర్యోధనుడు బాణములను పెరుకుటలో నేర్పరులైన వైద్యులను తోడితెచ్చెను. భీష్ముడు వారిని సత్కరించి పంపివేయుమనెను. అంతకుముందే వ్రేలాడుచున్న తలకు తలగడ కోరియుండెను. మరునాడు దాహమునకు నీరు కోరెను. రాజులు మెత్తని తలగడలు తేగా వలదన్నాడు. తన కెట్టిది కావలెనో ఎరిగిన అర్జునుడు అమర్చినదానిని స్వీకరించినాడు. ఏది వద్దో, ఏది కావలెనో ఇంతకంటె స్పష్టముగ చెప్పిన రోగి కానరాడు. మనమో, ‘పెద్దాయనకు చెప్పొద్దు సార్’ అని వైద్యుని చెవిలో నూది, ఆ మాట నాడుటకే ఆయనకు తావు లేకుండ చేయుచున్నాము. ప్రేమచేతనే చేయుచున్నాము, కాని ఆ మౌనములో ఆయన యొంటివాడగుచున్నాడు.

ఇక నొప్పి. తీవ్రమైన కేన్సరు నొప్పికి మార్ఫిన్ మాత్ర చౌకయైన సాధనము. మన మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ పొలములలో ప్రభుత్వానుమతితో పండు నల్లమందునుండియే అది పుట్టును. అట్లయ్యు 1985 నాటి మత్తుమందుల చట్టపు భయమున అది మన రోగులకు దుర్లభమైనది. 2014లో ఆ చట్టమును సవరించి, గుర్తింపు పొందిన వైద్యసంస్థలు దానిని ఇచ్చు మార్గమును సులువుచేసిరి. నొప్పి వచ్చినపుడు కాక, గడియారము చూచి నాలుగు గంటల కొకమారు ఈయవలెను. మలబద్ధము తప్పదు గనుక విరేచనపు మందు జతపరుపవలెను. నొప్పికై వైద్యుని పర్యవేక్షణలో మ్రింగువాడు దానికి బానిస యగుననుట అపోహ.

నొప్పికంటెను కుటుంబమును కలచివేయునది అన్నము. తినడము మానినాడు గనుక చనిపోవుచున్నాడని మన మనుకొందుము. చివరి దినములలో నిజమునకు అది తలక్రిందులు, చనిపోవుచున్నాడు గనుకనే ఆకలి పోయినది. ‘ఒక్క సెలైన్ బాటిల్ అయినా పెట్టించండి’ అని పట్టుబట్టని ఇల్లు మన పల్లెలలో నుండదు. దేహము ఇముడ్చుకొనలేని ఆ నీరు కాళ్లను ఉబ్బించి, గొంతున గురగుర పెంచవచ్చును. ఆ గడియలో కావలసినది తడి. పెదవులు ఎండకుండ మెత్తని గుడ్డ తడిపి అద్దుచుండవలెను. నోటిలో చెంచాడు నీరు, అదియు మింగగలిగినప్పుడే. అవ్వలు పోయు తులసి తీర్థపు చుక్క ఈ పనియే చేయుచున్నది.

ఇది మెర్సీ కిల్లింగు గాదా యని శంకించువారికి ఒక మాట. సాంత్వన చికిత్స మరణమును తొందరపెట్టదు, సాగదీయదు. బాగుపడు ఆశ లేనప్పుడు యంత్రములతో ప్రాణము నిలుపవలదని ముందుగా వ్రాసియుంచు హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించినది. 2023లో ఆ పత్రము వ్రాయు పద్ధతిని సడలించి, ఇద్దరు సాక్షుల సంతకములును, నోటరీ లేక గెజిటెడ్ అధికారి ధ్రువీకరణయు చాలుననినది.

మా పెద్దాయనకు హైదరాబాదు నుండి మార్ఫిన్ వచ్చినది. మూడవనాటి రాత్రి ఆయన వెల్లకిల పడుకొని నిద్రించెను. కోడలు అర్ధరాత్రి రెండుమారులు లేచి, శ్వాస ఆడుచున్నదా యని ముక్కుకడ వ్రేలుంచి చూచినదట. అంత గాఢముగ ఆ యింట నెవ్వరును నెలల తరబడి నిద్రపోలేదు. ఆ తరువాత పదునొకండు వారములు జీవించెను. సంగటి ముద్దలో వేరుసెనగ చట్నీ నంజుకొని తిన్న దినములు కొన్ని; కుమారులిద్దరిని కూర్చుండబెట్టి గట్టు తగవు తీర్చిన దినమొకటి. పొలము అమ్ముడుపోలేదు.

మీ ఇంట ఇట్టి రోగి యున్నచో, తరువాతి బండికి టిక్కెట్టు కొనుటకు ముందు, మంచము ప్రక్కన కాసేపు కూర్చుండి, ఆయననే అడుగుడు.