రేసుకుక్కలు ఈల ఎందుకు వేస్తాయి?

మహబూబాబాద్ పక్కన పాకాల, భూపాలపల్లికి తూర్పున ఏటూరునాగారం. 1950లలోనే అభయారణ్యాలైన ఈ అడవులు రేసుకుక్కల నెలవులు. ఇటుకరంగు ఒళ్లు, నల్లటి కుచ్చుతోక, 12 నుంచి 20 కిలోల బరువు. మరి తనకంటే ఎన్నోరెట్లు పెద్దదైన కణుజును ఎలా పడగొడుతుంది?

ఒంటరిగా కాదు, గుంపుగా. దట్టమైన పొదల్లో ఒకదానికొకటి కనబడవు. అందుకే ఈల వేసినట్టు కూతపెట్టి, చెదిరిన గుంపును మళ్లీ కూడగట్టుకుంటాయి. ఆఫ్రికా గడ్డిమైదానాల వేటకుక్కలూ గుంపుగానే వేటాడతాయి, కానీ అక్కడ చూపు చాలా దూరం ఆనుతుంది.

కడుపునిండా తిన్నాక పెద్దవి బొరియకు తిరిగొచ్చి, మింగిన మాంసాన్ని కక్కి పిల్లలకు పెడతాయి. తల్లి ఒక్కతే కాదు, గుంపంతా పెంచుతుంది! నాకు వీటిలో బాగా నచ్చే గుణం ఇదే.

ఒకప్పుడు వీటిని చంపినవాళ్లకు సర్కారే బహుమతి ఇచ్చేది. ఇప్పుడు ప్రపంచమంతా కలిపి ఈడుకొచ్చినవి 2,500 లోపేనని అంచనా. ఊరకుక్కల నుంచి రేబిస్, డిస్టెంపర్ సోకితే గుంపుకు గుంపే పోవచ్చు. మీది అడవి అంచు ఊరైతే, మీ కుక్కకు తప్పకుండా టీకా వేయించండి.