నీళ్లు నిలిచిన చేలో జీవామృతం ఎందుకు పనిచేయదు?

వీడియోలో చూపించిన రెండు మట్టి ముద్దలూ మా మిరప చేలోవే. ఒకటి మెరకది, ఒకటి పల్లందీ. మెరక మట్టి తొలకరి వాసన వస్తుంది. పల్లం మట్టి బూడిదరంగు తిరిగి, కుళ్లిన గుడ్డు వాసన కొడుతోంది. తేడా అంతా గాలిదే.

2023 డిసెంబరు 5న మిగ్‌జామ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా పల్లం చేలో మూడు రోజులు నీళ్లు నిలిచాయి. ఆకు పసుపు తిరుగుతోందని కంగారుపడి, ఆ నీళ్లలోనే ఎకరానికి 200 లీటర్ల జీవామృతం పోశాను. తోట తేరుకోలేదు, వడలి పోయింది. మెరకలో ముందు బోదెలు తెంచి నీళ్లు తీసి, పదునొచ్చాక పోశాను. అక్కడ తోట నిలబడింది.

ఎందుకంటే, గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ దాదాపు పది వేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బి సందులన్నీ మూసుకుంటాయి. లోపలున్న కాస్త ఆక్సిజన్‌నీ వేర్లూ సూక్ష్మజీవులూ ఒకట్రెండు రోజుల్లోనే వాడేస్తాయి. ఆ తర్వాత గాలి అక్కర్లేని బాక్టీరియాది పెత్తనం. అవి ముందు నైట్రేటును పట్టుకుని నత్రజనిని వాయువుగా గాల్లోకి వదిలేస్తాయి. ఆకు పసుపు తిరగడానికి ఇదొక కారణం, ఊపిరాడని వేరు పోషకాలు తీసుకోలేకపోవడం ఇంకొకటి. తర్వాత ఇనుము, సల్ఫేటు వంతు. ఆ కుళ్లు వాసన సల్ఫేటుదే. మైకోరైజా లాంటి మేలు చేసే శిలీంధ్రాలు వెనకబడతాయి, వేరుకుళ్లు తెచ్చేవి పుంజుకుంటాయి. అప్పుడు బెల్లం, పిండి ఉన్న జీవామృతం పోస్తే మిగిలిన ఆక్సిజన్ ఇంకా త్వరగా అయిపోతుంది. నేను చేసింది అదే.

మురుగు తీయడం మన దగ్గర కొత్తేం కాదు. సాగర్ కుడి కాలువ కింద కోనంకిలో, కృష్ణా పశ్చిమ డెల్టాలో ఉప్పుగుండూరులో భూమిలోపల చిల్లుల గొట్టాలు వేసి, జాలునీరు, చౌడు తీసే ప్రయోగాలు చేశారు.

అలాగని నేలను ఎండబెట్టమని కాదు. ఇండోనేషియాలోని కాలిమంతాన్‌లో పీట్ నేలలున్నాయి. వేల ఏళ్లుగా నీటిలో సగం కుళ్లి పేరుకున్న ఆకూ, కట్టే ఆ నేల. 1990ల్లో వరి కోసమని వేల కిలోమీటర్ల కాలువలు తవ్వి నీళ్లు తీసేశారు. గాలి తగలగానే సూక్ష్మజీవులు ఆ కర్బనాన్ని తినేయడం మొదలుపెట్టాయి, నేల కుంగింది, 1997లో మంటలంటుకుంది. అక్కడ నీరే నేలకు కాపలా. మన రేగడికి గాలీ నిమ్మూ రెండూ కావాలి. బెట్టకు పగుళ్లిచ్చి, మాటిమాటికీ దున్నితే మన కర్బనమూ అలాగే కరుగుతుంది.

అందుకే:

- నాటేముందే పల్లం ఎటుందో చూసి, చేను చివర మురుగు కాలువ తీయండి. పక్క రైతుతో మాట్లాడి డొంక కాలువ దాకా కలపండి.
- మిరపను బోదెల మీద నాటండి.
- వాన తెరిపిచ్చాక ముందు నీళ్లు తీయండి. అడుగు గుంట తవ్వి వాసన చూడండి. కుళ్లు వాసన పోయి, మట్టి చేతికి అంటకుండా పొడిపొడిగా విడిపోతే అప్పుడే జీవామృతం.
- నీళ్లు తీశాక ఆచ్ఛాదన వేసి నిమ్ము కాపాడండి. నీళ్లున్నప్పుడు మాత్రం వద్దు.

జీవామృతం డ్రమ్ము కంటే ముందు పార పట్టుకోవాలి. నాకిది అర్థం కావడానికి ఒక తోట పోయింది, మీకు పోకూడదు.