అందఱును దోషులైనచో ఓటెవరికి?

బరిలో నిలిచినవారందఱును దోషులుగా దోచినపుడు ఓటరు చేయవలసినదేమి? ఇల్లు కదలకుండుటయా? అందఱిలో అల్పదోషిని వెదకుకొనుటయా? 2019 ఏప్రిల్ 11వ తేదీన జరిగిన లోక్‌సభ ఎన్నికలో నిజామాబాదు నియోజకవర్గపు రైతులు ఈ ప్రశ్నకు మఱియొక సమాధానము చెప్పిరి. జగిత్యాల, కోరుట్ల ఆ నియోజకవర్గములోనివే.

పసుపు బోర్డునకై, పసుపు, ఎఱ్ఱజొన్నల గిట్టుబాటు ధరకై యేండ్లతరబడి మొఱపెట్టి విసిగిన కర్షకులు, ఏ పక్షమును నమ్మజాలక, తామే నామినేషన్లు దాఖలు చేసిరి. 185 మంది అభ్యర్థులలో 178 మంది రైతులే! ఒక్కొక్క పోలింగు కేంద్రమున 12 బ్యాలెట్ యూనిట్లను వరుసగా బేర్చవలసి వచ్చెను. పోలైన ఓట్లలో ఆఱవవంతు రానిచో 25,000 రూపాయల ధరావతు పోవునని వారెఱుగరా? ఎఱిగియే నిలిచిరి, కోల్పోయిరి. నాటి సభ్యురాలు కవితగారు 70,875 ఓట్ల తేడాతో ఓడిరి. బోర్డు తెత్తునని బాండు కాగితముపై వ్రాసియిచ్చిన అరవిందుగారు గెలిచిరి. నిజామాబాదున ఆ బోర్డు ప్రారంభమైనది 2025 జనవరి 14న. వ్రాతకును చేతకును నడుమ ఎన్ని పంటలు గడచెనో రైతులే లెక్కింపగలరు.

కరీంనగరు నియోజకవర్గములోని సిరిసిల్లలో ఆ యేడు ఇట్టి వరుస కానరాలేదు. అచ్చటి నేతకార్మికునకు మిగిలినది యంత్రముపై చిట్టచివరి మీట, నోటా. 2013 సెప్టెంబరు 27న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పువలన నిది యేర్పడెను. అంతకు ముందు ఓటు వేయనని చెప్పువాడు అధికారి పుస్తకమున ఆ మాట వ్రాయించి సంతకము చేయవలసియుండెను, రహస్యము నిలువకుండెను. ఆ లోపము తీఱినది. అయినను లోక్‌సభ ఎన్నికలో నోటాకే అత్యధికముగా ఓట్లు వచ్చినను, దాని తరువాత నున్న అభ్యర్థియే గెలిచినట్లు. అది అసమ్మతిని దెలుపును గాని, సభకు బోవువానిని మార్చదు.

ఇది తెలిసి ఆ మీట నొక్కుట తప్పు గాదు. కాని ‘అందఱును ఒక్కటే’ యనెడు మాట తఱచుగా సోమరితనమునకు ముసుగు. పరిపాలనలో తడబడినవాడును, ఓటుకు సొమ్ము పంచినవాడును ఒక్కటెట్లగుదురు? నామినేషనుతో దాఖలుచేయు ప్రమాణపత్రమున అభ్యర్థి నేరాభియోగములు, ఆస్తులు, అప్పులు వ్రాయబడియుండును. దానిని చదివిన వారెందఱు? సొమ్ము పుచ్చుకొని, పిదప ఇచ్చినవానిని దూషించువాని సంగతి చెప్పనే యక్కఱలేదు.

ఈ సీమకు బహిష్కరణమును క్రొత్త గాదు. 1978 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలు కల్లోలిత ప్రాంతములుగా బ్రకటింపబడిన పిదప, విప్లవవాదుల ఎన్నికల బహిష్కరణ పిలుపులు ఇచ్చట పలుమాఱులు వినబడెను. ఆ పిలుపును పాటించిన గ్రామమునకును, పాటింపని గ్రామమునకును శాసనసభలో ప్రతినిధి యొక్కడే. వానిని పంపినవారు మాత్రము ఓటు వేసినవారు.